నాన్న చితి దగ్గర పంచిన పుస్తకాలు

కాలసిన్,
1977 జనవరి 14 (బౌద్ధ శకం 2520)

తమ్ముడు వితూన్‌కి,

నువ్వు ఎక్కి వెళ్ళిన సర్కారు కారు లేపిన దుమ్ము ఇంకా మెట్ల మీదే ఉంది. ఊడవబుద్ధి కాలేదు. కన్నతండ్రి పోతే మూడు రోజులు ఉన్నావు. అందులో ఒకటిన్నర రోజు జిల్లా అధికారికీ ఆయన పంపిన పూలచక్రానికీ ఎదురెళ్ళడంతోనే సరిపోయింది. ఆ చక్రం మీద నాన్న పేరు కన్నా పంపినవాడి పేరు పెద్దగా ఉంది. మన దేశంలో చచ్చిపోవడానికి కూడా సిఫారసు కావాలి కాబోలు.

నాన్న శవపేటిక విహారంలోనే ఉంది. ఏడు రోజులకోసారి భిక్షువులు వచ్చి పఠించి వెళ్తున్నారు. నూరు రోజులు నిండే వేళకి, ఏప్రిల్‌లో దహనం అనుకున్నాం కదా. ఆ రోజు మన ఆనవాయితీ ప్రకారం వచ్చినవాళ్ళ చేతిలో పెట్టే జ్ఞాపకాల పుస్తకం కోసమే ఈ ఉత్తరం. "అచ్చు పని నాకొదిలెయ్ అక్కా, బ్యాంకాక్‌లో మంచి ప్రెస్సులున్నాయి. నువ్వు జీవితచరిత్ర రాసి పంపు చాలు" అన్నావు. రాశాను. పద్నాలుగు పేజీలు. దీంతోపాటు పంపుతున్నాను.

ఇది నా సొంత కవిత్వం కాదు. చివరి రెండు నెలలూ రోజూ పొద్దున్న జిగురన్నం తిన్నాక నాన్న చెప్పేవాడు, నేను బడికి వెళ్ళేలోపు రాసుకునేదాన్ని. 1946లో ఈ జిల్లా నుంచి పార్లమెంటుకి ఎన్నికవడం ఉంది. మరుసటి ఏడు సైన్యం వచ్చి ఆ పార్లమెంటుకి తాళం వేయడం ఉంది. ఆ పై ఏడు, మన ఈశాన్య ప్రాంతాన్ని దేశం నుంచి విడగొట్టబోయాడని నాన్నని పట్టుకెళ్ళడం, ఐదేళ్ళ జైలు, ఆయన తరవాత పట్టుబడి అక్కడే జ్వరంతో పోయిన స్నేహితుడు సుతిన్ మాస్టారు, అన్నీ ఉన్నాయి. ఒక్క ముక్క కూడా తియ్యొద్దు. ఈ పుస్తకం నాన్న మనల్ని అడిగిన ఆఖరి కోరిక.

మరదలినీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

మీ అక్క,
చన్‌హొమ్


బ్యాంకాక్,
1977 జనవరి 30

పూజ్యురాలైన అక్కకు వితూన్ నమస్కరించి రాయునది.

నీ పద్నాలుగు పేజీలు అందాయి. శ్రమపడి రాశావు. కానీ నువ్వు పిల్లల చేత చూచిరాత రాయించే మనిషివి, అచ్చు పుస్తకం సంగతి వేరు. దాన్ని ఎవరు అందుకుంటారు, ఎవరి ఇంటికి వెళ్తుంది, ఎవరి అలమరలో కూర్చుంటుంది, ఇవన్నీ చూసుకోవాలి.

నేను అనుకున్న వరస ఇది. ముందు నాన్న ఫోటో, స్కౌటు శిక్షకుడిగా ఉన్నప్పటి యూనిఫాంలో. తరవాత పెద్దల సంతాప సందేశాలు నాలుగు. తరవాత జీవితచరిత్ర రెండున్నర పేజీలు. ఆ పైన చదివినవాళ్ళకి పనికొచ్చే గ్రంథం ఒకటి చేర్చడం ఆనవాయితీ కదా. చాలామంది ధర్మోపదేశమో వంటల పుస్తకమో వేసి ఊరుకుంటారు. మన అదృష్టం కొద్దీ మా డైరెక్టర్ జనరల్ గారు తమ ప్రసంగం 'జాతీయ క్రమశిక్షణ: సుఖోథాయ్ నుంచి నేటి వరకు' వేసుకోవడానికి దయతో అనుమతించారు. అరవై రెండు పేజీలు. వారే స్వయంగా వచ్చి చితికి నిప్పు పెడతారు. వారికి వీలయ్యేది ఏప్రిల్ 8, శుక్రవారం.

జైలు సంగతి తీసేశాను. ఆ చోట ఇలా రాశాను: "1948 నుంచి 1953 వరకు స్వగృహానికి దూరంగా ఉండి నిరాడంబర జీవితం గడిపారు." ఇందులో అబద్ధం ఏమీ లేదు.

మొన్న అక్టోబరులో విద్యార్థుల్ని కాల్చి సైన్యం గద్దెనెక్కినప్పటి నుంచి ఇక్కడ ఎలా ఉందో మీ ఊళ్ళో తెలియదు. మా పక్కింటి ప్రొఫెసరు సగం పుస్తకాలు పెరట్లో పాతిపెట్టి పైన అరటి పిలకలు నాటాడు. నాకిద్దరు పిల్లలున్నారు. పైగా నాన్న విషయంలో నీకు తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. అడగొద్దు.

విధేయుడు,
వితూన్


కాలసిన్,
1977 ఫిబ్రవరి 12

వితూన్,

నీ ఉత్తరం నాన్న పెట్టె ముందు కూర్చుని చదివాను. ఆయన లేచి రాలేదు. పోయినవాళ్ళు తిరిగి రారని అప్పుడు నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

స్వగృహానికి దూరంగా. నిజమే. నెలకోసారి అమ్మా నేనూ రెండు బస్సులూ ఒక రైలూ ఎక్కి, ఇనపకమ్మీల అవతల నిరాడంబర జీవితం గడుపుతున్న ఆయన్ని పావుగంట చూసి వచ్చేవాళ్ళం. ఒకసారి ఆయన కాళ్ళకి గొలుసుంది. అదికూడా చాలా నిరాడంబరంగానే ఉంది. ఇంత సొంపుగా రాయడం ఎక్కడ నేర్చుకున్నావు? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నువ్వు రాస్తే లోకానికి కనపడదనుకున్నావా?

మీ డైరెక్టరు ప్రసంగం ప్రతి కూడా పంపావు, సంతోషం. చదివాను. థాయి ప్రజలకి పుట్టుకతోనే గొడవ పడటం చేతకాదట, అందుకని పార్లమెంటు వాళ్ళ ఒంటికి పడదట. ఇరవయ్యో పేజీలో ఏడువందల ఏళ్ళ కిందటి సుఖోథాయ్ రాజు గుమ్మానికి గంట కట్టించాడనీ, కష్టమొచ్చినవాడెవడైనా వచ్చి మోగిస్తే రాజే బయటికొచ్చేవాడనీ ఉంది. ఆ పాఠం నేను ఏటా మూడో తరగతికి చెప్తాను. మీ డైరెక్టరు గది బయట గంట కట్టారా? పోయినసారి నేను వచ్చినప్పుడు ముగ్గురు గుమస్తాలూ బల్ల కింద ఒక కుక్కా ఉన్నారు. వాళ్ళలో కాస్త మర్యాదగా చూసింది కుక్కే.

రాజ్యాంగాల గురించి ఆయన అసలు రాయలేదు, తెలివైనవాడు. నేను టీచరుగా చేరాక వచ్చినవాటిలో ఇప్పుడున్నది తొమ్మిదోది. ఒకదాని పేరు పిల్లలు బట్టీ పట్టేలోపు ఇంకోటి వస్తోంది. ఈమధ్య నోటుపుస్తకాల్లో రాయించడం మానేసి పలక మీద రాయిస్తున్నాను. తుడుచుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఇక శుక్రవారం దహనమా? శుక్రవారం శవాన్ని కాల్చకూడదని మా బళ్ళో ముక్కు చీదుకోవడం రాని పిల్లకి కూడా తెలుసు. బ్యాంకాక్ నీళ్ళు తాగితే ఇదికూడా మర్చిపోతారా? విహారం పెద్దగురువుగారికి చెప్తే "మీ తమ్ముడు క్రైస్తవంలో కలిశాడా అమ్మా?" అని అడిగాడు.

నాకు తెలియని సంగతులు ఉన్నాయన్నావు. ఒకటే సంగతి, అది ఊరందరికీ తెలుసు. ఈసారి డిప్యూటీ గవర్నర్ల జాబితాలో నీ పేరు ఉందట. దానికి నాన్న బూడిద మెట్టుగా పనికొస్తే చాలు నీకు.

సుతిన్ మాస్టారి భార్య కియెంగ్ పెద్దమ్మ గుర్తుందా? సంతలో ఉప్పుతో మాగబెట్టిన ఊరచేప అమ్ముతుందే, ఆవిడ. ప్రతి వారం వచ్చి పెట్టె పక్కన కూర్చుని వెళ్తోంది. నీ రెండున్నర పేజీలు ఆవిడ చేతిలో పెట్టే మొహం నాకు లేదు. పద్నాలుగు పేజీలూ వేస్తావా లేదా, ఒక్క మాటలో రాయి.

చన్‌హొమ్


బ్యాంకాక్,
1977 మార్చి 20

అక్కకు,

వేయను.

పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిపోయింది. వెయ్యి ప్రతులు, అట్ట మీద బంగారు అక్షరాలు. గ్రామీణుల మనోభావాలు వివరించి డైరెక్టర్ జనరల్ గారిని శనివారం 9వ తేదీకి ఒప్పించడానికి నేను ఎంత తల దించుకోవాల్సి వచ్చిందో నీకు అర్థం కాదు. తల దించుకోవడం తెలియకపోబట్టే నువ్వు ముప్పై ఏళ్ళుగా ఒకే బళ్ళో ఉన్నావు.

ఆ రోజు ఏర్పాట్లు: ముందు వరస కుర్చీలకి తెల్లగుడ్డ వేయించు. వారు పంచదార లేని కాఫీ తాగుతారు. ఊరచేప వాసన మంటపం దరిదాపులకి రాకూడదు. అంటే కియెంగ్ పెద్దమ్మని వెనక వరసల్లో కూర్చోబెట్టమని అర్థం. దేశద్రోహం కేసులో పోయినవాడి భార్య ఆవిడ. ఎవరైనా ఫోటో తీస్తే నా గతి ఏమిటి?

నాన్నని పట్టుకెళ్ళినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. హాస్టల్లో నా మంచం మీద బొగ్గుతో 'దేశం అమ్మేవాడి కొడుకు' అని రాశారు. నువ్వు అప్పటికే టీచరువి, నీ మీద ఎవరూ ఏమీ రాయలేదు. ఇది నీ పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

వితూన్


బ్యాంకాక్,
1977 ఏప్రిల్ 17

అక్కా,

ఎనిమిది రోజులు ఆగి రాస్తున్నాను. కోపం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

డైరెక్టర్ జనరల్ గారు చితి మీద వెలిగించిన చందనపు చెక్కపువ్వు పెట్టి మెట్లు దిగుతుంటే, ఒక పక్క నేను పంపిన పుస్తకం. రెండో పక్క నీ బడిపిల్లలు, బుట్టలో బూడిదరంగు కాగితం పుస్తకాలు. బడి సైక్లోస్టైల్ మిషను మీద తీశావని వాసనే చెప్పింది. ఆయన మర్యాదకి రెండూ తీసుకున్నారు. విమానాశ్రయానికి వెళ్ళే దారిలో, కారులో నా పక్కనే కూర్చుని, నీదే చదివారు. తనది చదవాల్సిన పని లేదు కదా. ఆఖరికి కళ్ళద్దాలు తీసి "మీ నాన్నగారు ఇంత ప్రసిద్ధులని చెప్పలేదేం?" అన్నారు. అంతే. జాబితాలోంచి నా పేరు పోయిందని మొన్న తెలిసింది.

నువ్వు గెలిచానని అనుకుంటున్నావు. అందుకని ఇది చెప్పక తప్పదు. ఆరేళ్ళ కిందట నా ప్రమోషన్ విచారణలో పాత కాగితాలు తీయిస్తే నాన్న ఫైలు నా బల్ల మీదకి వచ్చింది. ఒక సాయంత్రం అంతా నా దగ్గరే ఉంది. అందులో నాన్న సంతకం చేసిన వాంగ్మూలం ఉంది. అప్పట్లో సైన్యానికి వ్యతిరేకంగా పంచిన కరపత్రం రాసింది సుతిన్ మాస్టారని చెప్పింది నాన్నే. పదకొండు రోజుల తరవాత ఆయన్ని పట్టుకున్నారు.

అందుకే జైలు తీసేశాను. జైలు అని రాస్తే ఎందుకని అడుగుతారు, ఇంకెవరని అడుగుతారు. నాన్న మీద ఈ మచ్చ ఎవరికీ తెలియకూడదని ఆరేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. నువ్వేమో సుతిన్ మాస్టారు 'నాన్న ప్రాణస్నేహితుడు' అని సైక్లోస్టైల్ తీసి, ఆయన భార్య చేతిలోనే పెట్టావు. నన్ను కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి అన్నావు. నువ్వు ఏమీ తెలియనిదానివి. తేడా అంతే.

వితూన్


బ్యాంకాక్,
1977 అక్టోబరు 28

అక్కకు నమస్కారాలు.

ఆరు నెలలయింది, జవాబు లేదు. ఆ ఉత్తరం కోపంలో రాశాను. నీకు తెలియకుండానే ఉండాల్సింది, చెప్పినందుకు బాధపడుతున్నాను.

ఒక అత్యవసర విషయం. పోయిన వారం ప్రభుత్వం మారిన సంగతి రేడియోలో వినే ఉంటావు. మా డైరెక్టర్ జనరల్ గారిని సలహాదారు పదవిలోకి మార్చారు. గది ఉంది, బల్ల ఉంది, బల్ల మీద కాగితం మాత్రం రాదు. కొత్తగా వచ్చినవారికి ఆయన పేరు గిట్టదు. ఆ ప్రసంగంలో పోయిన ప్రభుత్వాన్ని పొగిడిన పేజీలు ఇరవై దాకా ఉన్నాయి. మన ఇంటి పుస్తకంలో అవి ఉండటం నాకు ప్రమాదం.

విహారంలో మిగిలిన మూడువందల ప్రతులూ దాచిపెట్టించు. పంచినవి కూడా వీలైనన్ని వెనక్కి తెప్పించు. బ్లేడుతో ఆ అరవై రెండు పేజీలూ జాగ్రత్తగా కోసేస్తే మిగతా పుస్తకం పనికొస్తుంది.

పిల్లలు నిన్ను అడుగుతున్నారు.

వితూన్


కాలసిన్,
1977 నవంబరు 13

తమ్ముడికి,

పుస్తకాల సంగతి ముందు చెప్తాను, నీకు నిద్ర పట్టదు. మిగిలినవాటిని పెద్దగురువుగారు వానాకాలంలో ధాన్యం గది నేల మీద పరిపించారు. పంచినవి సంతలో ఉన్నాయి. కాగితం దళసరి, తడి ఆగుతుందని మిరపకాయలవాళ్ళు మెచ్చుకుంటున్నారు. మొన్న నాకు పొట్లం కట్టి ఇచ్చిన కాగితం సుఖోథాయ్ గంట ఉన్న పేజీ. ఇంటింటికీ తిరిగి బ్లేడుతో చరిత్రని కోసే ఓపిక నాకు లేదు. మీ పెద్దలు ఏడాదికోసారి కోస్తూనే ఉన్నారు కదా, వాళ్ళనే పంపు. ఏరు దాటకముందే తెప్ప తగలెయ్యడం ఒక్క మీ శాఖలోనే చూశాను.

ఆరు నెలలు ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్తాను. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

సుతిన్ మాస్టారి పేరు నాన్నే చెప్పాడని నాకు తెలుసు. నీ ఉత్తరానికి ముందే తెలుసు. డిసెంబరులో ఒక పొద్దున్న ఆయనే చెప్పాడు, రాసుకోమన్నాడు, రాసుకున్నాను. జైలుకెళ్ళిన మూడో నెలలో ఒక అధికారి ఆయన ముందు ఒక కాగితం పెట్టాడట. అది నన్ను అరెస్టు చేయమనే ఉత్తర్వు. పేరు, వయసు ఇరవై రెండు, బడి పేరు, అన్నీ టైపు కొట్టి ఉన్నాయి. తేదీ ఒక్కటే ఖాళీ. "నీ కూతురా, ఆ మాస్టారా, నువ్వే చెప్పు" అన్నాడట. నాన్న ఒక పూటంతా కూర్చుని, చివరికి మాస్టారి పేరు చెప్పాడు. వాళ్ళు ఏం రాశారో చదవనివ్వలేదట, సంతకం పెట్టమన్నారట. "ఇది తప్పకుండా వెయ్యి హొమ్. మిగతావన్నీ పోయినా ఇది ఉండాలి" అన్నాడు నాతో.

నేను వెయ్యలేదు. నీకు పంపింది పద్నాలుగు పేజీలు. నేను రాసుకున్నవి పదిహేను. సైక్లోస్టైల్ తీసినప్పుడూ ఆ పేజీ పక్కనే ఉంది, దాన్ని పుస్తకాల కింద తోసేశాను. నాన్న పరువు కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నాన్న పరువు కాదు, అందులో నా పేరుంది. నా ఉద్యోగం, నా ముప్పై ఏళ్ళ పాఠాలు, నా నోరు, అన్నీ ఆ మనిషి ప్రాణానికి బదులు మిగిలినవని ఊళ్ళో ఎవరూ అనుకోకూడదు. నిన్ను రెండు ఉత్తరాల్లో కడిగేశాను చూడు, అప్పుడు కూడా ఆ కాగితం నా పెట్టెలోనే ఉంది. నాకు తెలియదని నువ్వు దాచావు, నీకు తెలియదని నేను దాచాను. ఇద్దరం నాన్న నోరే నొక్కాం.

నీ ఏప్రిల్ ఉత్తరం చదివాక కియెంగ్ పెద్దమ్మ ఎదురుపడితే తప్పుకుని తిరిగాను. సంతకి వెళ్ళడం మానేశాను. పోయిన నెల ఆవిడే ఇంటికొచ్చింది. మెట్ల మీద కూలబడి తాంబూలం నములుతూ అడిగింది.

"ఏమే, ఊరచేప మానేశావా? నన్ను మానేశావా?"

నేను చాప తెచ్చి పరిచాను.

"నీ పుస్తకం మనవరాలి చేత చదివించుకున్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ ముక్క ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూశాను. అట్ట వచ్చేసింది గానీ ముక్క రాలేదు. నువ్వూ మీ తమ్ముడూ ఒకే బళ్ళో చదివారా?"

ఆవిడకి ఇరవై నాలుగేళ్ళుగా తెలుసు, వితూన్. నాన్న జైలు నుంచి వచ్చిన మూడో రోజునే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాడట. "అప్పుడు నేను చేపల కుండలో చెయ్యి పెట్టి ఉన్నాను. చెయ్యి తియ్యలేదు, మొహం చూడలేదు. పో అన్నాను. ఏడేళ్ళు మీ నాన్నతో మాట్లాడలేదు" అంది. ఏడేళ్ళూ నాన్న ప్రతి వానాకాలం వెళ్ళి ఆవిడ పొలంలో నాట్లు వేసి, మంచినీళ్ళు కూడా అడక్కుండా వచ్చేవాడట. అప్పట్లో నేను ఆయన చేపలు పట్టడానికి వెళ్తున్నాడనుకునేదాన్ని. ఎనిమిదో ఏట నాట్ల రోజున ఆవిడే అన్నం బుట్ట తెచ్చి గట్టు మీద పెట్టిందట.

పదిహేనో పేజీ తీసి ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ ఏడవలేదు. "ఇది నాకు తెలిసిందేగా" అంది. "నాకు తెలియనిది ఒకటుంది. మీ నాన్న సంతకం పెట్టిన కాగితంలో వాళ్ళు నా మొగుడి గురించి ఏమని రాశారు? కరపత్రం రాశాడనా, దేశం ముక్కలు చెయ్యబోయాడనా? కరపత్రం రాశాడు, నిజమే, మా ఇంట్లోనే రాశాడు, దీపం నేనే పట్టాను. కానీ రెండోది చెయ్యలేదు. ఈ ఊళ్ళో రెండోదే అంటారు. మీ నాన్నని అడిగితే చదవనివ్వలేదన్నాడు. ఇంకెవర్ని అడగను?"

ఆ కాగితం చదివినవాళ్ళలో మాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఆ ఫైలు ఏ గదిలో ఉందో నీకు తెలుసు. సుతిన్ మాస్టారి గురించి అందులో ఉన్న వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు చేత్తో రాసి పంపు. నీ పేరు పెట్టక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. సొంపుగా మార్చొద్దు, అంతే. అవి రాగానే పదిహేను పేజీలూ, నీ మంచం మీద రాసిన మాటలతో సహా, మళ్ళీ సైక్లోస్టైల్ తీస్తాను.

భయమైతే భయమని రాయి. ఈసారి వెక్కిరించను. కానీ మంచి ప్రభుత్వం వచ్చాక చూద్దాం అని మాత్రం రాయకు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు.

అక్క